పెద్దమ్మ పెట్టుకున్న బొట్టు

మొన్న సోమవారం మా ఆఫీసు ఆవరణలో చెట్లకు సున్నం వేశారు. ఎవరో పెద్ద అధికారి జగిత్యాల వస్తున్నారట. ఆయన నడిచే దారి పొడవునా వేపచెట్ల మొదళ్ళు నడుమెత్తు దాకా తెల్లగా కనపడాలని ముందు రోజే ఆర్డరు. అటెండరు రేకు డబ్బాలో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. సుయ్యిమని పొంగి, ఆవిరి లేచి, ఆ ఘాటు కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. చేతిలో ఫైలు చేతిలోనే ఉండిపోయింది. పక్క సీటు మేడం చూసి, "ఏంది సార్, కండ్లు మండుతున్నయా?" అని అడిగింది. అవునన్నాను. అబద్ధం ఆడటం నాకు ఎప్పుడో అలవాటైపోయింది, దానికి ఆలోచించనక్కర లేదు. డిసెంబరు నెలలో పచ్చి సున్నం వాసన వస్తే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమెను మీరెవరూ చూడలేదు. చూసినవాళ్ళకు కూడా ఆమె నాకు ఏమవుతుందో నేను చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. మాది కోనరావుపేట మండలంలో ఒక చిన్న ఊరు, చారెడు భూమి లేని వాడ. నా ఐదో ఏట అమ్మ జ్వరంతో పోయింది. నాన్న బతుకుదెరువుకని భీవండి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పెద్దమ్మకు భర్త పెళ్ళైన మూడేళ్ళకే పోయాడు, పిల్లల్లేరు. నన్ను చంకనేసుకుని సిరిసిల్ల వచ్చింది. ఒక సేటు దగ్గర మరమగ్గాలకు కండెలు చుట్టే పనిలో చేరింది. మా దగ్గర మరమగ్గాలను సాంచాలంటారు. పొద్దంతా ఆ సాంచాల మోతలో ఉండి ఉండి ఆమెకు చెవులు మందగించాయి, గొంతు పెద్దదైంది. గుసగుసగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. ప్రార్థన చేసినా పక్క వీధికి వినపడేది. ఆ కూలి డబ్బులతోనే ఒక గది, ముందర రేకుల పంచ ఉన్న ఇల్లు కట్టింది. నేను పెరిగింది ఆ ఇంట్లోనే.

మా వాడలో అందరికీ రెండు పేర్లు. నేను ఇంట్లో సామేలును, బడి రిజిస్టరులో సమ్మయ్యను. ఇందులో దొంగతనం ఉందని మేమెప్పుడూ అనుకోలేదు. కులం మమ్మల్ని చేదబావి దగ్గర వదల్లేదు, హోటల్లో టీ గ్లాసు దగ్గర వదల్లేదు. ఒక్క సర్టిఫికెట్ దగ్గర మాత్రం, దేవుణ్ణి మార్చుకుంటే కులం మారుతుందన్నారు. క్రైస్తవుడని తేలితే ఆ కాగితం చెల్లదు. అందుకని బడికి ఒక పేరు, ప్రార్థనకు ఒక పేరు. ఒక్క పెద్దమ్మే అట్లా ఒప్పుకోలేదు. రేషన్ కార్డులు రాసేవాళ్ళు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పేరేమిటని అడిగితే మార్తమ్మ అంది. రాసేవాడు మా మేలు కోరే మనిషే, కలం పైకెత్తి, "అసలు పేరు చెప్పవ్వా" అన్నాడు. "అసలుదే చెప్పిన. మల్లవ్వ అని మా అవ్వ వెట్టింది. గామె బాప్తిస్మం నీళ్ళల్ల మునిగిపోయింది. లేచినామె మార్తమ్మ. గదే రాయి" అంది. "రేపు పొల్లగానికి కష్టమైతదవ్వా" అన్నాడతను. "వానిది వానికి రాసుకో, నాది నాకు రాయి" అంది. రేషన్ కార్డులోనూ ఓటరు కార్డులోనూ ఆమె ఒక్కతే మార్తమ్మ.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన కాగానే ఆమె పండుగ మొదలయ్యేది. కుండలో సున్నం తడిపి, నీలిమందు కలిపి, చీర ఎగదోపి గోడలకు పూసేది. "దూరముండు కొడుకా, చిట్లితే కండ్లు పోతయ్" అని నన్ను గడప బయటికి తరిమేది. సున్నం ఆరేలోగా వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేది. దానికి ఎర్ర కాగితం, లోపల బల్బు, కింద సాంచాల దగ్గర పారేసిన దారప్పోగుల తోక. దాన్ని గడకర్రకు కట్టి, ఆ గడకర్రను మళ్ళీ పొరుగింటి గోడ మీద నిలబెట్టించి, అది రోడ్డు మీది నుంచి కనపడుతుందో లేదో చూసి రమ్మని నన్ను పరిగెత్తించేది. ఒకసారి నేను విసుక్కుని, ఇంత ఎత్తు ఎందుకు, మన ఇంటి ముందు ఉంటే చాలదా అన్నాను. ఆమె నవ్వింది. "ఊరందరికి తెల్వాలె కొడుకా. దాసుకునేది పండుగెట్లయితది?" అంది. పక్కింటి గంగవ్వత్త, వాళ్ళు శివుణ్ణి కొలిచేవాళ్ళు, "నీ చుక్క మా గోడెక్కుతె మా ఇంటికి గూడ పండుగే వదినా" అని ఎగతాళి చేసేది. పండుగనాడు వాళ్ళింటికి గరిజెల, అంటే కజ్జికాయల, పళ్ళెం తప్పకుండా వెళ్ళేది.

పిడికెడు బియ్యం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఇంట్లో ఎంత తక్కువ ఉన్నా ఆ పిడికెడు తప్పదు. ఏడాదంతా అది సంఘం అవసరాలకు పోతుంది, డిసెంబరు నెల పిడికిళ్ళు మాత్రం క్రిస్మస్ భోజనానికి. ఆ బియ్యం పోసే పెద్ద కుండ మా ఇంట్లో ఉండేది. ఎవరు దాన్ని పెద్దమ్మ చేతిలో పెట్టారో తెలియదు, నేను కళ్ళు తెరిచేటప్పటికే ఆమెది. నలభై ఇళ్ళ బియ్యం అందులో కలిసేది. దొడ్డువి, సన్నవి, రేషనువి, పాతవి, కొత్తవి. ఒకే డేగిసాలో ఉడికిస్తే ఒక మెతుకు పలుకు, ఇంకో మెతుకు ముద్ద. వంట దగ్గర ఆడవాళ్ళు తొందరపెడితే ఆమె గరిటె అడ్డం పెట్టేది. "అందరిండ్ల బియ్యం ఒక్క తీర్గ ఉడుకయే. జర ఆగున్రి" అనేది. ఆ అన్నం, మటన్ కూర, వంకాయ. మొదటి విస్తరి ఆమే వడ్డించాలి. ఊరిలో ఎవరూ ఆమెను పెద్దమనిషి అని పిలిచింది లేదు కానీ, ఆ ఒక్కరోజు ఆ డేగిసా దగ్గర ఆమె పెద్దమనిషే.

నాకు చదువు చెప్పింది కూడా ఆమే, ఆమెకు చదువు రాకపోయినా. బడి నుంచి రాగానే నల్లట్ట వాక్యం పుస్తకం ముందు పెట్టి చదవమనేది. నేను తప్పు చదివితే ఆమెకు తెలిసిపోయేది, అంతా విని విని నోటికొచ్చు. పదేళ్ళప్పుడు క్రిస్మస్ ఆరాధనలో గొర్రెల కాపరుల భాగం చదివే వంతు నాకు వచ్చింది. జనాన్ని చూసి నా గొంతు పడిపోయింది. సణుగుతున్నాను. ఆడవాళ్ళ వరసలోంచి పెద్దమ్మ లేచి, మందిరం అదిరేలా, "గొంతు దీసి చదువు కొడుకా! ఇన్నోళ్ళకు ఇనవడకుంటె చదివి ఏం లాభం?" అని అరిచింది. అందరూ నవ్వారు. సిగ్గుతో నా చెవులు ఎర్రబడ్డాయి కానీ, గొంతు వచ్చింది. ఆ రోజు నేను చదివినంత గట్టిగా మళ్ళీ ఎప్పుడూ ఏదీ చదవలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ పండుగ మారుతూ వచ్చింది, అది ఎవరి తప్పూ కాదు. డప్పు పోయి కీబోర్డు వచ్చింది. వేకువన ఇల్లిల్లూ తిరిగి పాడే పాటలు ఆటోలో మైకు ఎక్కాయి. బేకరీ నుంచి కేకు వచ్చింది, దాని చుట్టూ ఫోటోలు వచ్చాయి. పెద్దమ్మ కేకు ముక్క తిని, "మంచిగనే ఉన్నది గని, నమిలే పనే లేదు, గిదేం పండుగ" అనేది. ఆ మాటకు మేమంతా నవ్వేవాళ్ళం. ఇవన్నీ ఆమె సర్దుకుంది. పిడికెడు బియ్యం కుండ ఉంది, నక్షత్రం ఉంది, ఆమెకు అది చాలు. మా ఇంట్లో పండుగను నిజంగా మార్చినవాణ్ణి నేను. కీబోర్డు కాదు, కేకు కాదు.

డిగ్రీ అయ్యాక రెండేళ్ళు పరీక్షలు రాసి రాసి, చివరికి ఒక ఉద్యోగం లిస్టులో నా పేరు వచ్చింది. సమ్మయ్య పేరు. రిజర్వేషన్ లేకుంటే రాదు, దాచేదేముంది. పెద్దమ్మ సేటు దగ్గర పని ఆపించి మరీ అందరికీ చక్కెర పంచింది. వారానికే నాతో చదివిన ఒక స్నేహితుడు చెవిలో వేశాడు. ఇంటికి విచారణకు వస్తారని, గోడల మీద ఏమున్నాయో చూస్తారని, చుట్టుపక్కల అడుగుతారని. ఎవరిదో అట్లాగే పోయిందన్నాడు. ఆ ఎవరో అతనికి కూడా తెలియదు. డిసెంబరు రెండో వారం. ఇంటికి సున్నం వేసి మూడు రోజులు, నక్షత్రం గోడెక్కి రెండు రోజులు. నేను అన్నం దగ్గర కూర్చుని, ఈ ఏడు నక్షత్రం వద్దు పెద్దమ్మా అన్నాను. ఆమెకు సరిగా వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను. వినపడింది. "ఎన్నొద్దులు?" అని అడిగింది. ఆ సారు వచ్చి పోయేదాకా అన్నాను. "నాలుగొద్దులకు దేవుడేమనుకోడు తియ్యి" అని తనే గడకర్ర దించింది.

గోడ మీది వాక్యాల క్యాలెండరు తీశాం. ప్రభువు పటం తీశాం. నల్లట్ట పుస్తకం ఎక్కడ పెట్టాలో తోచక, గుడ్డలో చుట్టి పిడికెడు బియ్యం కుండలో అడుక్కి తోశాను. గంగవ్వత్త ఇంటికి పోయి ఒక శివుడి పటం అడిగి తెచ్చి మేకుకు తగిలించాను. తర్వాత పెద్దమ్మ మొహం చూశాను. బొట్టు లేదు. ఆమె తనంతట తానే పెట్టుకుందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, పెళ్ళయ్యాక నా భార్యకూ అట్లాగే చెప్పాను. ఇక్కడ నిజం రాస్తాను. నేనే అడిగాను. గంగవ్వత్త ఇంటి నుంచి కుంకుమ భరిణె కూడా నేనే తెచ్చాను. ఆమె నా చేతిలోని భరిణె వంక చాలాసేపు చూసి, "నాకు పెట్టరాదు కొడుకా. నువ్వే వెట్టు" అంది. కళ్ళు మూసుకుంది. నేను ఉంగరపు వేలితో పెట్టాను. నుదురు వెచ్చగా ఉంది, వేలికింద ముడతలు కదిలాయి. కళ్ళు తెరిచి, "మంచిగున్ననా?" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో నిజంగా అడిగిందో ఇప్పటికీ తెలియదు.

ఆ మధ్యాహ్నమే సారు వచ్చాడు. మంచి మనిషి, ఎండలో బండి మీద వచ్చి చెమటతో ఉన్నాడు. గడప దాటలేదు. పంచలో నిలబడే పేరు, చదువు, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు అని అడిగి రాసుకున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. పెద్దమ్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. తాగి, చెంబు తిరిగి ఇస్తూ, ఊరికే, మర్యాదకు, "ఈమె ఎవరు?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. పెద్దమ్మ అంటే పేరడుగుతాడు, పేరడిగితే కార్డడుగుతాడు, కార్డులో మార్తమ్మ ఉంటుంది. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. "పక్కింటామె సార్. ఇంట్ల పనికస్తది" అన్నాను. పెద్దమ్మ ఏ మాట విన్నా విననట్టు ఉండగల మనిషి, ఆ మాట మాత్రం విన్నది. చెంబు కింద పెట్టింది. "అవ్ సారూ, పనికచ్చిన" అని మూలన ఉన్న చీపురు తీసుకుని, తాను కట్టుకున్న ఇంటి పంచను ఊడవటం మొదలుపెట్టింది. సారు ఆమె వంక చూడను కూడా లేదు. సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు. మా దేవుడెవరని ఆయన ఒక్క మాట అడగలేదు.

బండి చప్పుడు పోయాక గంగవ్వత్త పటం తీసుకుపోవటానికి వచ్చింది. పెద్దమ్మ మొహం చూసి గడపలోనే ఆగిపోయింది. "అయ్యో నాయనా, మొగుడు లేని మనిషికి బొట్టేందిరా? మావోళ్ళల్ల గిట్ల పెట్టరు. ఉత్త నొసలుతోని ఉంటెనే అసలు అనుమానం రాకపోవు" అంది. సిరిసిల్లలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి నాకు తట్టలేదు. బొట్టు లేని ఆ నుదురు ఆ రోజు ఎవరికైనా సరిగ్గానే కనపడేది. ఆమె ఏమీ మార్చుకోనక్కర లేకుండా, తాను తానుగానే, ఆ సారు ముందు నిలబడి ఉండవచ్చు. పెద్దమ్మ నవ్వింది. పెద్దగా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా, గంగవ్వత్త కూడా నవ్వేదాకా నవ్వింది. తర్వాత బయట తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కుంది. ఎంతసేపు కడిగిందంటే, వెళ్ళి చూస్తే నుదురు తోలు లేచి ఎర్రగా అయింది. చాలు పెద్దమ్మా అన్నాను. "పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను.

మర్నాడు నేను నక్షత్రం మళ్ళీ కట్టబోయాను. వద్దంది. "దాసినంక మల్ల కడితె ఆటయితది" అంది. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు. పండుగకు నాలుగు రోజుల ముందు, సంఘంలో ఆమె తర్వాత పెద్దదైన శాంతమ్మను పిలిపించి బియ్యం కుండ అప్పజెప్పింది. శాంతమ్మ భయపడి, ఒంట్లో బాగాలేదా అక్కా అంది. "పానం మంచిగనే ఉన్నది. చెయ్యే మంచిగ లేదు" అంది పెద్దమ్మ. క్రిస్మస్ పొద్దున పాస్టర్ అయ్యగారే ఇంటికి వచ్చారు. నేను లోపలి గదిలో ఉన్నాను, గోడ ఇటువైపు. ఆయన ఎంత అడిగినా ఆమె ఒకటే చెప్పింది. "ఒక తప్పు చేసిన అయ్యగారూ. గది ఒప్పుకోకుండ ప్రభువు బల్ల దగ్గరికి రారాదు." అయితే వచ్చి ఒప్పుకోమ్మా, దేవుడు క్షమించని తప్పుంటుందా అన్నారాయన. మా సంఘంలో తప్పు చేసినవాళ్ళు అందరి ముందూ లేచి చెప్పుకోవాలి. చెప్పుకుంటే మళ్ళీ మామూలే, ఎవరూ ఎత్తి చూపరు. కానీ ఆమె లేచి చెప్పాలంటే బొట్టు సంగతి చెప్పాలి, బొట్టు ఎందుకో చెప్పాలి, అందులో నేనుంటాను, నా ఉద్యోగం ఉంటుంది. నన్ను బయట పెట్టకూడదని ఆమె తన్ను బయట పెట్టుకుంది. గోడకు ఇవతల కూర్చుని నాకు ఇదంతా తెలుస్తూనే ఉంది. లేచి బయటికి వెళ్ళలేదు.

ఉద్యోగం వచ్చింది. జగిత్యాలలో పోస్టింగు. నెలకోసారి సిరిసిల్ల పోయేవాణ్ణి, నాతో వచ్చెయ్యమనేవాణ్ణి. ఒకసారి గట్టిగా పట్టుబడితే, "అస్తగని, గాడ నన్నెవరని చెప్తవ్?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవటానికి అడిగినట్టు అడిగింది. నేను బస్సు టైమవుతోందని లేచాను. నాలుగైదు క్రిస్మసులు అట్లా పోయాక ఒక ఏడు బేకరీ కేకు పట్టుకెళ్ళి, ఇంకా ఎన్నాళ్ళు పెద్దమ్మా, పోయి ఒప్పుకో, ఇప్పుడు నన్నెవరేం చేస్తారు అన్నాను. ఆమె చేతిలో కేకు ముక్క పట్టుకుని నా వంక చూసింది. "నువ్వు అస్తవా నాతోని? పక్కకు నిలవడు సాలు. మాట్లాడేది నేనే మాట్లాడుత" అంది. ఆమె జన్మలో నన్ను అడిగింది అదొక్కటే. ఇల్లు అడగలేదు, చీర అడగలేదు. వచ్చే ఏడు చూద్దాం అన్నాను. "ఆఁ, అచ్చే ఏడు" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు కూడా ఆ తెప్ప తనను పిలిస్తే కాస్త తలెత్తి చూస్తాడేమో.

నా పెళ్ళి కోరుట్లలో అయింది. నా భార్య కరుణ వాళ్ళదీ మాలాంటి ఇల్లే, రెండు పేర్ల ఇల్లు. అత్తగారింట్లో క్రిస్మస్ ఘనంగా ఉంటుంది, ప్లాస్టిక్ చెట్టు, మిణుకుమనే లైట్లు, క్యాటరింగు భోజనం. ఇంటి లోపల. జగిత్యాల మా ఇంట్లో మేము కర్టెన్లు వేసుకుని కేకు కోసుకుంటాం. విచిత్రం ఏమిటంటే, మా వీధిలో ఇప్పుడు పిల్లలందరూ బడిలో ఇచ్చిన ఎర్ర టోపీలు పెట్టుకుని తిరుగుతారు, వాళ్ళ అమ్మలు వాట్సాప్ స్టేటస్ పెడతారు, ఎదురింటి బాల్కనీలో నక్షత్రం కూడా వేలాడుతుంది. వాళ్ళకు భయం లేదు, వాళ్ళది సరదా. మా వీధిలో డిసెంబరు ఇరవై ఐదున ఏమీ చేసుకోనట్టు కనపడే ఇల్లు మాదొక్కటే.

మూడేళ్ళ క్రితం నవంబరులో గంగవ్వత్త కొడుకు ఫోన్ చేశాడు. పెద్దమ్మ నిద్రలోనే పోయిందన్నాడు. సెలవు కాగితంలో కారణం రాసేచోట చాలాసేపు ఆగి, సొంత పని అని రాశాను. మందిరం ముందు పెట్టె ఉంది. పాత అయ్యగారు లేరు, కొత్తాయన కుర్రవాడు, పెద్దమ్మను ఎరగడు. పదకొండేళ్ళుగా ఆరాధనకు రాని మనిషిని సంఘం సమాధుల్లో పెట్టొచ్చా అని ఎవరో అన్నారట. శాంతమ్మ వాళ్ళ నోరు మూయించి తీసుకొచ్చింది. ఇప్పుడు ప్రతిదీ ఫోన్లో లైవ్ పోతుంది కదా, ఒక యువకుడు స్టాండుకు ఫోన్ బిగించి నిలబడ్డాడు. అయ్యగారు మైకులో, "ఈ తల్లి కుటుంబం తరపున ఎవరన్న ఉన్నరా? రెండు మాటలు చెప్తరా?" అని అడిగారు. నేను మూడో వరసలో ఉన్నాను. ఆ ఫోను నా వైపు తిరుగుతోంది. నా కాళ్ళు లేవలేదు. గొంతు సంగతి సరేసరి, కాళ్ళే లేవలేదు. ఆయన మళ్ళీ అడిగారు. శాంతమ్మ వెనక్కి తిరిగి సరిగ్గా నా కళ్ళలోకి చూసింది. ఎంత సేపు ఎదురుచూసిందో నాకు తెలుసు. తర్వాత ముందుకు తిరిగి, "ఎవ్వరు లేరయ్యగారూ. మేమే" అంది. మట్టి వేసేటప్పుడు నేనూ ఒక పిడికెడు వేశాను, వచ్చినవాళ్ళందరితో పాటు.

దీన్నంతా రాసి ఏం చేస్తానో తెలియదు. నా పేరుతో అచ్చు వేయించే ధైర్యం లేదు. ఒప్పుకోలు అంటే లేచి నిలబడి చెప్పేది, ఇట్లా చాటున కూర్చుని రాసేది కాదని పెద్దమ్మ అనేదే. ఆమె పెంచినందుకు నాకు చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆమె నుంచి తీసుకోవలసినదాన్ని తీసుకోలేదు. నేను సొంతంగా సంపాదించుకున్నది మాత్రం మా ఇంట్లో బాగా పాతుకుపోయింది.

పోయిన క్రిస్మస్ పొద్దున పది గంటలకు కేకు కోస్తున్నాం. కరుణ ప్రార్థన ముగించి ఇంకా తల మీది కొంగు దించలేదు. కాలింగ్ బెల్ మోగింది. కరుణా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పాప నేహకు ఎనిమిదేళ్ళు. మేమింకా కదలకముందే అది కుర్చీ దిగింది. బల్ల మీది వాక్యం పుస్తకాన్ని సోఫా దిండు కిందికి తోసింది, వాళ్ళమ్మ కొంగు లాగి భుజం మీద వేసింది, పరిగెత్తి తలుపు తీసింది. పై ఇంటి ఆమె, గిన్నెలో పాయసంతో. కేకు చూసి, "ఏంది, ఏమన్న స్పెషలా?" అంది. పాపకు ఎవరూ ఏమీ నేర్పలేదు, దేవుడి మీద ఒట్టు, ఒక్కనాడూ ఏమీ చెప్పలేదు. నేహ చక్కగా నవ్వి, "మా డాడీ బర్త్‌డే ఆంటీ" అంది. "అయ్యో, చెప్పనేలేదేందన్నా! హ్యాపీ బర్త్‌డే" అందామె. నేను థాంక్సమ్మా అన్నాను. పాప ఒక ముక్క తెచ్చి నా నోటికి అందిస్తే తిన్నాను.